బ్రిడ్జి ఆటలో పాట - అడగటం, చెప్పటం

పేకాట అనగానే ఇంట్లో పెద్దలు ముఖం చిట్లిస్తారు. పందెం కాసి ఆడే మూడుముక్కలాటను చూసి పుట్టిన భయం అది. కాంట్రాక్టు బ్రిడ్జికి డబ్బుతో పని లేదు. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ అనే ఇద్దరు భారతీయులు ఈ ఆటలోనే బంగారు పతకం గెలిచారు. భాష నేర్చుకునే తరగతిలో దీని ప్రసక్తి ఎందుకంటారా? ఈ ఆటలో ఒక చిన్న భాష ఉన్నది. ఆ భాషకు ఉన్నవి పదిహేను మాటలే.

ఆడేవారు నలుగురు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జోడీ. ఒక్కొక్కరికి 13 ముక్కలు. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు. ఆటకు ముందు వేలంపాట వంటి పాట జరుగుతుంది. 'రెండు ఆఠీన్లు' అన్నారంటే, ఆఠీను తురుపు అయితే ఆరుకు పైన రెండు, అనగా ఎనిమిది పట్లు పడతామని అర్థం. ఒకటి మొదలు ఏడు వరకు అంకెలు, నాలుగు రంగులు, తురుపు లేని ఆటకు నోట్రంప్, ఆపైన పాస్, డబుల్, రీడబుల్. నిఘంటువు ఇంతే. రంగుల్లో కళావరు అన్నిటికన్నా కిందిది. దానిపైన వరుసగా డైమను, ఆఠీను, ఇస్పేటు. నోట్రంప్ వీటన్నిటికీ పైది.

ఇక్కడ ఫ్రెంచిలో 'త్రెఫ్ల్' అని మీరు వినే రంగే మన కళావరు. డచ్చివారు దానిని 'క్లావర్' అంటారు. పదిహేడో శతాబ్దంలో వారు మచిలీపట్నంలో వర్తకం చేశారని గుర్తు చేసుకుంటే ఈ పోలిక వింతగా తోచదు.

సరే, పాటకు వద్దాం. ముందువారు అన్నదానికన్నా పైమాటే అనాలి గాని వెనక్కి పోరాదు. పదిహేను మాటలతో పదమూడు ముక్కల సంగతి చెప్పటం ఎలా? అంతగా పనికిరాని మాటకు ఆటగాళ్ళు వేరే అర్థం తగిలించారు. అటువంటి ఏర్పాటునే కన్వెన్షన్ అంటారు.

ముందుగా చేతి బలం లెక్క కట్టాలి. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. పేక మొత్తంలో 40. జోడీ ఇద్దరికీ కలిపి 25 లేదా 26 ఉంటే 'గేమ్' అనే పెద్ద ఫలితానికి పోవచ్చు. అందుకు నోట్రంప్‌లో తొమ్మిది పట్లు, ఇస్పేటులో గాని ఆఠీనులో గాని పది పట్లు కావాలి. తొమ్మిదే తేలిక అనిపిస్తుంది. కాని ఒక చేయి చూడండి.

మీ జోడీ 'ఒక నోట్రంప్' అన్నాడు. అమెరికా పద్ధతిలో అది 15 నుండి 17 వరకు బలం, రంగులన్నీ సమంగా ఉన్న చేయి. అతని ముక్కలు: ఇస్పేటు రాజు, రాణి, 7, 4, ఆఠీను ఆసు, 8, డైమను రాజు, జాకీ, 6, 3, కళావరు ఆసు, 9, 5. మీవి: ఇస్పేటు ఆసు, జాకీ, 8, 5, ఆఠీను 7, డైమను రాణి, 9, 4, 2, కళావరు రాజు, 8, 6, 4. ఇద్దరికీ కలిపి 27. నోట్రంప్ ఆడితే చేతిలో సిద్ధంగా ఉన్నవి ఏడు పట్లే. మిగిలినవి డైమనులో రావాలి. అందుకు అవతలివారి డైమను ఆసును వదిలించాలి. వారు మొదటే ఆఠీను వేసి మన ఒక్క ఆసునూ లాగేస్తే, డైమను ఆసు పట్టగానే వరుసగా ఆఠీన్లు దించుతారు. ఆట పోయినట్టే. ఇస్పేటు తురుపైతే మీరు రెండో ఆఠీనును కోసేస్తారు. పది పట్లు సాధారణంగా వచ్చేస్తాయి.

అందుకే మీరు 'రెండు కళావర్లు' అంటారు. ఇది కళావరు మాటే కాదు. 'నాలుగు ఇస్పేట్లు గాని, నాలుగు ఆఠీన్లు గాని ఉన్నాయా?' అన్న ప్రశ్న. లేకపోతే జవాబు 'రెండు డైమన్లు'. ఆఠీన్లుంటే 'రెండు ఆఠీన్లు', ఇస్పేట్లుంటే 'రెండు ఇస్పేట్లు'. ఇక్కడ అతను 'రెండు ఇస్పేట్లు' అంటాడు. మీరు 'నాలుగు ఇస్పేట్లు' అని ముగిస్తారు. దీనిని స్టేమన్ అంటారు. శామ్యూల్ స్టేమన్ 1945లో దీని గురించి పత్రికలో వ్రాశాడు. కనిపెట్టినది మాత్రం అతని జోడీ జార్జి రాపే. పేరు వ్రాసినవాడికే దక్కింది!

రెండవది ఈస్లీ బ్లాక్‌వుడ్ 1933లో కల్పించినది. పన్నెండు పట్ల ఆటకు పోయే ముందు 'నాలుగు నోట్రంప్' అని జోడీని ఆసులెన్ని అని అడుగుతారు. ఐదు కళావర్లు అంటే ఒక్కటీ లేదు, లేదా నాలుగూ ఉన్నాయి. ఐదు డైమన్లకు ఒకటి, ఆఠీన్లకు రెండు, ఇస్పేట్లకు మూడు. కొత్తవారికి ఇది మహా ముచ్చట. అవసరమున్నా లేకున్నా అడుగుతారు. కళావరు తురుపుగా ఉన్నప్పుడు జాగ్రత్త. మీ దగ్గర ఒక్క ఆసే ఉండి, జవాబు 'ఐదు డైమన్లు' అని వచ్చిందనుకోండి. రెండు ఆసులు అవతల ఉన్నాయని తెలిసీ ఐదు కళావర్ల దగ్గర ఆగలేరు, అది దాటిపోయింది. నేటి ఆటగాళ్ళు చాలామంది తురుపు రాజును కూడా ఐదో ఆసుగా లెక్కిస్తారు.

ఈ సంకేతాలేవీ రహస్యాలు కావు. ఫలానా మాటకు మీలో అర్థమేమిటని అవతలి జోడీ అడగవచ్చు, చెప్పి తీరాలి. గొంతు మార్చటం, ఆలస్యం చేసి సూచన ఇవ్వటం తప్పు. పెద్ద పోటీల్లో నోటితో అనకుండా అచ్చువేసిన చీటీలు చూపటం అందుకే. 1975లో బెర్ముడాలో జరిగిన ప్రపంచ పోటీలో జోడీలు ఒకరినొకరు చూడకుండా బల్లకు అడ్డంగా తెర కట్టారు. ఇటలీ ఆటగాడొకడు బల్ల కింద కాలితో జోడీ కాలిని తాకుతున్నాడని తేలి ఇద్దరినీ మందలించారు. ఆపైన బల్ల కింద కూడా అడ్డు పెట్టారు.

ఇప్పుడు మీ వంతు. జోడీ 'నాలుగు నోట్రంప్' అన్నాడు. మీ చేతిలో ఇస్పేటు ఆసు, డైమను ఆసు, ఇద్దరు రాజులు ఉన్నారు. ఏమంటారు?