ఇంకా విడుదల కాని యాప్‌ని మీ ఫోన్‌లో టెస్ట్ చేస్తున్నారా? ఇది వినండి

ఈ ఎపిసోడ్‌లో యూజబిలిటీ టెస్ట్ గురించి మాట్లాడుకుందాం. నేను చేసే పని ఇదే. ఇంకా బయటికి రాని యాప్ నమూనాని, అంటే ప్రోటోటైప్‌ని, మామూలు యూజర్ చేతికిచ్చి "కరెంటు బిల్లు కట్టి చూపించండి" అంటాను. ఎక్కడ ఆగారు, ఏ బటన్ కోసం వెతికారు అని గమనిస్తాను. వందల మంది అక్కర్లేదు. ఒక రౌండ్‌కి ఐదుగురు చాలని జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు.

ఆఫీసులో అయితే ఫోన్ మాదే, పని అవ్వగానే తీసేసుకుంటాం. మరి ఆ యూజర్ శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉంటే? ప్రోటోటైప్ వాళ్ల ఫోన్‌లోకే వెళ్లాలి. ఒక్క స్క్రీన్‌షాట్ గ్రూపులో పడితే చాలు, నెలల కష్టం పోటీ కంపెనీ చేతిలో ఉంటుంది.

"స్క్రీన్‌షాట్ బ్లాక్ చేసేయొచ్చు కదా?" అంటారు. ఆండ్రాయిడ్‌లో చేయొచ్చు, బ్యాంకు యాప్‌లలో మీరు చూసే ఉంటారు. కానీ అది పెడితే స్క్రీన్ షేరింగ్‌లో కూడా నల్లగానే కనిపిస్తుంది. ఇంక నేనేం చూడాలి? పైగా పక్కన ఇంకో ఫోన్‌తో ఫోటో తీస్తే ఎవరు ఆపుతారు?

ఇంకో దారి ఉంది. ప్రోటోటైప్‌ని నా ల్యాప్‌టాప్‌లోనే ఉంచి, జూమ్‌లో రిమోట్ కంట్రోల్ వాళ్లకి ఇవ్వడం. ఫైల్ బయటికి పోదు. కానీ బొటనవేలితో వాడే యాప్‌ని మౌస్‌తో వాడతారు. వేలికి అందని బటన్ ఏదో నాకు తెలియదు.

అందుకే లీకైనా పెద్దగా నష్టం లేకుండా ముందే చూసుకుంటాను. కంపెనీ పేరు, లోగో, రంగులు మార్చేస్తాను. ఆ పనికి కావాల్సిన నాలుగైదు స్క్రీన్లే ఇస్తాను. ఒక్కొక్కరికీ విడి కాపీ, విడి లింకు, స్క్రీన్ మీద లేతగా వాళ్ల నంబర్. సెషన్ అవ్వగానే లింకు తీసేస్తాను.

రహస్యంగా ఉంచుతామనే ఒప్పందం ఒక్క పేజీ, తేలిక తెలుగులో ఉండాలి. కోర్టు, కేసు అని భయపెడితే మనిషి బిగుసుకుపోయి "అంతా బాగుందండి" అనేస్తాడు. అలాంటి టెస్ట్ దండగ.

ఇప్పుడు మీ వైపు చూద్దాం. స్క్రీన్ షేర్ చేశారంటే మీ వాట్సాప్ మెసేజ్‌లు, ఓటీపీలు కూడా నా రికార్డింగ్‌లో పడతాయి. కాబట్టి ముందు డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేయండి. పేరు, ఆధార్, కార్డు నంబర్ లాంటివి అడిగితే ఉత్తుత్తివే టైప్ చేయండి. రికార్డింగ్ ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అని అడగండి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు 2023 డిజిటల్ పర్సనల్ డేటా రక్షణ చట్టంలో ఉంది.

మోసగాళ్లూ స్క్రీన్ షేరింగే అడుగుతారు. ఎనీడెస్క్‌తో జరిగే మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. నిజమైన టెస్ట్‌లో ఓటీపీ అడగరు, డబ్బు కట్టమనరు. అడిగితే కాల్ కట్ చేసేయండి.

తమ రహస్యం దాచమని మీతో సంతకం పెట్టించుకునేవాళ్లు, మీది ఎలా దాస్తారో కూడా చెప్పాలి. చెప్పకపోతే సంతకం పెట్టకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.