యోకోహామా రేవులో ఒక రోజు



మా అబ్బాయి జపాను రాజధాని టోక్యోలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. "నాన్నగారూ, మీరూ అమ్మా ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళండి" అని రెండేళ్లుగా అడుగుతుంటే, ప్రభువు దయవల్ల కిందటి వేసవిలో ఆ ప్రయాణం కుదిరింది. బయలుదేరే వారంలోనే మా ఊరిలో సంఘ పెద్దల కూటం జరిగింది. మా సంఘంలో ఇప్పుడు మిగిలినవి పద్నాలుగు కుటుంబాలు. చదువుకున్న పిల్లలందరూ పట్నాలకు వెళ్ళిపోయారు. మందిరం పైకప్పు కారుతోంది. "ఈ నలుగురి కోసం ఇంత ఖర్చెందుకండీ? మందిరం మూసేసి పక్క ఊరి సంఘంతో కలిసిపోదాం" అని ఒక పెద్దాయన అన్నారు. నేను తిరిగి వచ్చాక ఆలోచిద్దామని చెప్పి విమానం ఎక్కానే గాని, ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

స్టేషను బోర్డు చెప్పిన సంగతి

ఒక శనివారం ఉదయం మా అబ్బాయి మమ్మల్ని యోకోహామా తీసుకువెళ్ళాడు. టోక్యోకు దక్షిణంగా ముప్పై కిలోమీటర్లు, రైలులో అరగంట. సుమారు 37 లక్షల జనాభాతో జపానులో టోక్యో తరువాత అతి పెద్ద నగరం ఇదే. రైలు ఆగగానే స్టేషను బోర్డు మీద జపాను అక్షరాలతో పాటు ఇంగ్లీషు అక్షరాలలో కూడా ఊరి పేరు కనబడింది. కూడబలుక్కుని చదివాను.

"నాన్నగారూ, జపాను మాటలను ఇంగ్లీషు అక్షరాలలో ఇలా రాసే పద్ధతికి ఒక మిషనరీ డాక్టరుగారి పేరే పెట్టారు. ఆయన ఉన్నది ఈ ఊళ్ళోనే" అన్నాడు మా అబ్బాయి. ఆయన పేరు జేమ్స్ కర్టిస్ హెప్‌బర్న్. ఆ రోజంతా మేము ఆయన అడుగుజాడలలోనే నడిచామంటే అతిశయోక్తి కాదు.

ముందుగా ల్యాండ్‌మార్క్ టవర్ అనే 70 అంతస్తుల భవనం ఎక్కాము. ఎత్తు 296 మీటర్లు, కట్టినది 1993లో. లిఫ్టు నలభై సెకన్లలో 69వ అంతస్తుకు చేర్చింది. మా ఇంటావిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటూనే ఉంది! పైనుండి చూస్తే రేవు, ఓడలు, సముద్రం మీద వంతెన, అద్దాల మేడలు అన్నీ బొమ్మల కొలువులా కనిపించాయి. ఆ మేడలున్న చోట ఒకప్పుడు ఓడలు కట్టే కర్మాగారం ఉండేదట. అంతకుముందు, నూట డెబ్బై ఏళ్ల క్రితం, యోకోహామా అంటే నూరు ఇళ్లున్న జాలరి పల్లె.

ఆ కాలంలో జపాను తన తలుపులు మూసుకుని ఉండేది. 1853లో అమెరికా యుద్ధనౌకలు వచ్చాయి. 1854లో ఈ పల్లె ఒడ్డునే ఒడంబడిక జరిగింది. 1859లో రేవు తెరిచారు. ఇక్కడి నుండి పట్టు ఎగుమతి అయ్యింది. 1872లో జపానులో మొదటి రైలు ఇక్కడికే నడిచింది. వ్యాపారానికి తలుపులు తెరిచారు గాని సువార్తకు తెరవలేదు. క్రైస్తవ మతం నిషిద్ధమని రెండు వందల ఏళ్లకు పైగా ఊరూరా ప్రకటన పలకలు నిలబెట్టి ఉండేవి.

కళ్ళకు మందు, మాటలకు నిఘంటువు

అటువంటి కాలంలో, రేవు తెరిచిన 1859లోనే, హెప్‌బర్న్ దంపతులు వచ్చారు. ఆయనకు అప్పుడు 44 ఏళ్లు. న్యూయార్కులో మంచి పేరున్న వైద్యవృత్తిని వదులుకున్నారు. పద్నాలుగేళ్ల కుమారుణ్ణి చదువు కోసం అమెరికాలోనే విడిచి వచ్చారు. ఈ మాట విన్నప్పుడు మా ఇంటావిడ చాలాసేపు మౌనంగా ఉండిపోయింది. కొడుకును దూరదేశం పంపి మేము పడిన బాధ మాకు తెలుసు. తామే కొడుకును విడిచి వచ్చిన ఆ తల్లిదండ్రుల బాధ ఎంతటిదో!

రేవుకు దగ్గరలోని కనగావాలో ఒక పాత బౌద్ధాలయంలో వారు కాపురం పెట్టారు. ప్రసంగించడానికి వీలు లేదు. అందుచేత డాక్టరుగారు 1861లో ఉచిత వైద్యశాల తెరిచారు. కంటి జబ్బులవారు గుంపులుగా వచ్చారు. కొన్ని నెలలకే ప్రభుత్వం దానిని మూయించింది. ఆయన నిరాశపడలేదు. 1862లో యోకోహామాకు మారి మళ్ళీ వైద్యం చేస్తూ, రోగుల నోట విన్న మాటలను రాసుకున్నారు. కంటి వైద్యానికి వచ్చిన కిషిదా గింకో అనే యువకుడు ఆయనకు కుడిభుజమయ్యాడు. 1867లో జపాను ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. దాన్ని అచ్చువేయడానికి వారు చైనాలోని షాంఘైకి వెళ్ళవలసి వచ్చింది.

ఆ నిఘంటువు పునాది మీద బైబిలు అనువాదం సాగింది. ఇతర మిషనరీలు, జపాను పండితులు కలిసి పనిచేశారు. క్రొత్త నిబంధన 1880లోను, పాత నిబంధన 1887లోను పూర్తయ్యాయి. అంటే ఆయన వచ్చిన 28 ఏళ్లకు! మన చేతిలో ఉన్న తెలుగు బైబిలు వెనుక కూడా ఇలాంటి మిషనరీల, తెలుగు పండితుల చెమట ఉన్నదని మనం ఎన్నిసార్లు తలుచుకుంటున్నాము?

ఆయన వైద్యశాల గదిలోనే 1870లో మేరీ కిడ్డర్ అనే సహోదరి ఆడపిల్లలకు చదువు చెప్పడం ప్రారంభించారు. అదే ఫెర్రిస్ అనే పేరుతో ఈనాటికీ ఆ ఊరి కొండమీద విద్యాసంస్థగా ఉన్నది. డాక్టరుగారి శిష్యులతో 1874లో మొదలైన శిలోహు సంఘము కూడా ఉన్నది. ఆయన 33 ఏళ్ల సేవ తరువాత 1892లో స్వదేశం వెళ్ళి, 1911లో 96వ ఏట ప్రభువునందు నిద్రించారు.

పదకొండు మంది

మధ్యాహ్నం సముద్రం వైపు నడిచాము. 1854 ఒడంబడిక జరిగిన చోటి పక్కనే తెల్లని గోడలతో, గోపురంతో ఒక మందిరం ఉంది. దాని పేరు కైగాన్ సంఘము. కైగాన్ అంటే సముద్రతీరం. జపాను దేశస్థులతో ఏర్పడిన మొట్టమొదటి ప్రొటెస్టెంటు సంఘం ఇదే. 1872 ఆరంభంలో కొందరు యువకులు ప్రార్థన కూటాలకు చేరారు. మార్చి 10న తొమ్మిదిమంది బాప్తిస్మం పొందారు. అంతకుముందే బాప్తిస్మం పొందిన ఇద్దరితో కలిపి మొత్తం పదకొండు మంది. నిషేధపు పలకలు తీసేసింది 1873లో. అంటే చట్టం ఒప్పుకోకముందే, ప్రాణానికి ఏమవుతుందో తెలియకుండానే, ఆ పదకొండు మంది సంఘముగా నిలబడ్డారన్నమాట.

ఆ మందిరం ముందు నిలబడి మా అబ్బాయి తలవంచుకుని ఒక మాట చెప్పాడు. "నాన్నగారూ, మీకు ఫోనులో ఆరాధనకు వెళ్తున్నానని చెప్తున్నాను గాని, చాలా నెలలుగా వెళ్ళడం లేదు. మా ఇంటి దగ్గర సంఘంలో పదిహేనుమంది కూడా ఉండరు. అందరూ ముసలివాళ్ళు. భాష సరిగ్గా రాదు. నేను వెళ్ళినా ఒకటే, వెళ్ళకపోయినా ఒకటే అనిపించింది."

నాకు కోపం రాలేదు. మా ఊరి కూటంలో విన్న మాటే వీడి నోట మళ్ళీ విన్నాను. "ఈ పదకొండు మందిలో ఒక్కడు అలా అనుకుని ఉంటే పదిమందే మిగిలేవారు కదరా!" అన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు.

శిథిలాల మీద పూలతోట

1923 సెప్టెంబరు 1న, మధ్యాహ్నం పన్నెండుకు రెండు నిమిషాల ముందు, ఇళ్లలో పొయ్యిల మీద అన్నం ఉడుకుతున్న వేళ మహా భూకంపం వచ్చింది. నిప్పు అంటుకుని ఊళ్ళు కాలిపోయాయి. టోక్యో, యోకోహామా ప్రాంతాలలో లక్ష మందికి పైగా చనిపోయారు. ఆ మందిరమూ కూలింది. ఇప్పుడున్నది 1933లో తిరిగి కట్టినది. పక్క ఆవరణలో ఒక పాత చెట్టు ఉంది. ఆనాటి మంటల్లో మాడిపోయి, తరువాత వేరు నుండి మళ్ళీ చిగిర్చిందట. మొద్దునుండి చిగురు పుట్టుట గూర్చి యెషయా ప్రవక్త చెప్పిన సంగతి నాకు జ్ఞాపకం వచ్చింది.

భూకంపపు శిథిలాలను సముద్రంలో పోసి పూడ్చిన నేల మీద 1930లో ఒక ఉద్యానవనం తెరిచారు. పేరు యమాషితా పార్కు. దాని ఒక మూల గుమ్మటంతో ఉన్న చిన్న నీటి మండపం చూసి ఆశ్చర్యపోయాము. అచ్చం మన దేశపు కట్టడం! యోకోహామాలో వ్యాపారం చేసుకునే భారతీయులు, భూకంపంలో చనిపోయిన తమవారి జ్ఞాపకార్థం, కష్టకాలంలో ఆదుకున్న ఊరివారికి కృతజ్ఞతగా 1939లో ఇచ్చినది. మన ఊళ్ళలోని చలివేంద్రం గుర్తుకు వచ్చి మా ఇంటావిడ కళ్ళు చెమర్చాయి.

మరునాడు ఆదివారం

మరునాడు మేము ముగ్గురం మా అబ్బాయి ఇంటి దగ్గరి చిన్న సంఘానికి వెళ్ళాము. మాతో కలిపి పదహారుమంది. ఒక వృద్ధురాలు మా ఇంటావిడ చేతిలో పాటల పుస్తకం పెట్టి, పేజీ తీసి చూపింది. అక్షరం ముక్క అర్థం కాలేదు గాని రాగం మాకు తెలిసిందే. ఆమె జపాను భాషలో, మేము తెలుగులో పాడాము. ఆరాధన అయ్యాక ఆ సంఘ కాపరి మా అబ్బాయి చెయ్యి పట్టుకుని, "నీ కోసం ప్రార్థిస్తూనే ఉన్నాము" అన్నారట. వాడు ఆ మాట తెలుగులో చెప్పలేక గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు.

జపానులో క్రైస్తవులు నేటికీ నూటికి ఒక్కరి లెక్కనే ఉన్నారు. మనుష్యుల లెక్కలో అది చిన్న సంఖ్యే. కాని ఆవగింజ పరిమాణము చూచి దానిని పారవేయవద్దని మన ప్రభువు ఉపమానము నేర్పుచున్నది గదా.

ఊరికి వచ్చాక పెద్దల కూటంలో ఇదంతా చెప్పాను. పైకప్పు డబ్బు ఇంకా సమకూడలేదు. అయినా మందిరం మూసే మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆగిపోయిన ఆదివారపు బడిని తిరిగి మొదలుపెట్టాము. మొదటి వారం ఏడుగురు పిల్లలు వచ్చారు.

ప్రియ సహోదరీ, సహోదరుడా, మీ సంఘములో కొద్దిమందే ఉన్నారని దిగులుపడుచున్నారా? ఉన్న కొద్దిమందిలో మీరు ఒకరని మరువవద్దు. దూరదేశములలో ఉన్న మీ బిడ్డలను అడుగుడి, వారి కొరకు ప్రార్థించుడి. చిన్న మందను కాయు మన కాపరి మీకు తోడైయుండును గాక. ఆమేన్.