శివారు మడి దాకా

కృష్ణా నీళ్ల కోసం రాష్ట్రాలు అర్ధశతాబ్దానికి పైగా వాదులాడుకుంటూనే ఉన్నాయి. 1976లో బచావత్ ట్రిబ్యునల్ నికర జలాలను 2060 టీఎంసీలుగా తేల్చి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఈ అంకెలు పత్రికలు చదివే వాళ్లందరికీ తెలుసు. ప్రాజెక్టు గేటు దాటాక ఏ రైతుకు ఎన్ని తడులు అందాయన్నది మాత్రం అరుదుగా చర్చకొస్తుంది.

ఎగువవాడి చేతిలో దిగువవాడి పంట ఉండటం నదికి ఎంత నిజమో పిల్లకాలువకూ అంతే నిజం. తూము దగ్గరి పొలంలో వరి కళకళలాడుతుంటే శివారు ఆయకట్టులో ఆరుతడి పంట కూడా ఆఖరి తడి అందక ఎండిపోతుంది. దీన్ని ఎగువ రైతు దురాశగా కొట్టిపారేయలేం. మళ్లీ నీళ్లెప్పుడొస్తాయో తెలియనప్పుడు వచ్చిన రోజే మడి నిండా పెట్టుకోవడం ఎవరైనా చేసే పనే. వారబందీ, అంటే ముందే ఖరారైన వంతుల పట్టిక, ప్రకారం తన వంతు కచ్చితంగా వస్తుందని నమ్మకం కుదిరితే ఆ తొందర తగ్గుతుంది.

తెలంగాణ చెరువుల కింద ఈ నమ్మకాన్ని నిలిపినవాడు నీరటి. తూము తీయడం, మూయడం, వంతు ప్రకారం మడిమడికీ నీరు పెట్టడం అతని పని. రైతులు పంటలోంచి గింజలు కొలిచి ఇచ్చేవారు కాబట్టి ఎవరి పొలం ఎండినా అతనికీ నష్టమే. అయితే చాలా ఊళ్లలో నీరటి దళితుడు. నీరు పెట్టే చేయి అతనిది, కట్టుబాటు పెట్టే మాట భూమి ఉన్నవాళ్లది.

1997లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసి పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపింది. కాలువ పెత్తనంలో రైతుకు చోటు దొరికింది. కానీ ఓటు భూయజమానికి, రికార్డుల్లో పేరున్న కౌలుదారుకు మాత్రమే. నోటిమాట మీద కౌలు చేసేవాళ్లకు సంఘంలో స్థానం లేదు. నీరటి నాటి లోటు వేరే రూపంలో కొనసాగింది.

అందుకే వంతుల పట్టిక ఊరందరికీ తెలియాలి. సాగుచేసే ప్రతివాడికీ సంఘంలో మాట ఉండాలి. కాలువ ఎంత బాగా నడిచిందో గేటు దగ్గర వదిలిన నీటితో కాక, శివారు మడికి చేరిన నీటితో లెక్కగట్టాలి. ట్రిబ్యునల్ తీర్పు రాష్ట్రానికి హక్కు ఇస్తుంది. ఆ హక్కు రైతుదాకా చేరేది ఇలాంటి ఏర్పాట్లతోనే.