పరుగు బండి అందరిదైతే పరువు పోతుందా?

స్పోర్ట్స్ కారు మాట ఎత్తితే మన శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి ఇళ్ళలో పెద్దవాళ్ళు "అది మనకెందుకురా" అనేస్తారు. ఇద్దరు కూర్చునే బండి, సామాను పెట్టుకోవడానికి చోటుండదు, మన వీధుల్లో వేగనిరోధకం దాటితే అడుగు తగులుతుంది. వాళ్ళు అన్నదాంట్లో తప్పేం లేదు. అయితే ఆ బండ్ల చుట్టూ పాతికేళ్ళకు పైగా నడుస్తున్న వాదన ఒకటుంది. అది మాత్రం మనకు కొత్త కాదు. పేరుపడ్డ వస్తువును దాని లక్షణం చెడకుండా కొద్దిమందికే చేయాలా, లేక నలుగురూ కొనేలా మార్చాలా అన్నదే ఆ వాదన. ప్రతి దీపావళికీ మన ఊళ్ళో పటాసుల దగ్గర జరిగేదీ ఇదే. లక్ష్మీ వెడి, అణుబాంబు ఉంటే చాలనేవాళ్ళు ఒకవైపు, ఆకాశంలో రంగులు పూసే కొత్త రకం లేకపోతే సరుకు కదలదనే వ్యాపారి ఇంకోవైపు.

కార్ల విషయంలో ఈ ప్రశ్నకు మన కోయంబత్తూరు తెలుగువాడు ఒకాయన ముప్పై అయిదేళ్ళ కిందటే ఒక జవాబు చెప్పాడు. మాటల్లో చెప్పలేదు, బండి కట్టి చూపించాడు. ఆ సంగతికి వచ్చేముందు గొడవ ఏమిటో కొంచెం చూద్దాం.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ బుల్లెట్. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పటి నుంచి ఆ బండి మిరాసుదారుల ఇళ్ళ ముందు, పోలీసు స్టేషన్ల ముందు నిలబడింది. కుడి కాలితో గేరు, ఎడమ కాలితో బ్రేకు. తన్ని స్టార్ట్ చేయడానికి ఒక ఒడుపు కావాలి. ఆ ఒడుపు తెలిసినవాడే బుల్లెట్ మనిషి అనిపించుకునేవాడు. తర్వాత గేరు మిగతా బండ్లలాగే ఎడమ కాలికి మారింది, బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే ఏర్పాటు వచ్చింది, ఇంజనూ గేరుపెట్టే ఒకే పెట్టెలో కలిసిన కొత్త ఇంజను వచ్చింది. పాతవాళ్ళు నొచ్చుకున్నారు. శబ్దం మారిందన్నారు, ఇక ఎవరైనా నడిపేయొచ్చన్నారు. అలా ఎవరైనా నడపగలగడం వల్లే 2010లో ఏడాదికి 50 వేల పైచిలుకు అమ్మిన కంపెనీ 2018 నాటికి 8 లక్షలు దాటింది. పాతవాళ్ళ బాధలో నిజం లేకపోలేదు. కానీ ఆ కంపెనీ మూతపడి ఉంటే వాళ్ళ పాత బుల్లెట్‌కు విడిభాగాలు కూడా దొరికేవి కావు.

ప్రపంచంలో ఈ గొడవ ఎక్కువగా నడిచింది జర్మనీ వారి పోర్షే చుట్టూ. 1963లో చూపించిన 911 బండికి ఇంజను వెనక చక్రాల ఇరుసుకు కూడా వెనకాల ఉంటుంది. ఆరు సిలిండర్లు పడుకుని ఉంటాయి. రేడియేటర్ లేదు, నీళ్ళు లేవు, గాలితోనే చల్లబడాలి. బరువంతా వెనకే ఉండటంతో మలుపులో భయపడి హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే తోక తిరిగిపోతుంది. ఆ బండిని అదుపులో పెట్టడం ఒక విద్య. దాన్ని ప్రేమించినవాళ్ళు ఆ విద్యనే ప్రేమించారు.

1990ల మొదట్లో ఆ కంపెనీ అమ్మకాలు పడిపోయి మనుగడే కష్టమైంది. పొగ నిబంధనలు, శబ్ద నిబంధనలు బిగిశాయి. గాలితో చల్లబడే ఇంజనుతో వాటిని అందుకోవడం కష్టం. 1997లో నీళ్ళతో చల్లబడే 911 వచ్చింది. ఖర్చు తగ్గించడానికి దాని ముందు భాగాన్ని, లైట్లతో సహా, చవక బండి బాక్‌స్టర్‌తో పంచుకున్నారు. ఆ లైట్ల ఆకారం చూసి అభిమానులు వేయించిన గుడ్డు అని పేరు పెట్టారు! దానికే అంత బాధపడితే 2002లో ఆ కంపెనీ కేయెన్ అనే ఎస్‌యూవీ తెచ్చినప్పుడు ఎంత రభస జరిగి ఉంటుందో ఊహించుకోండి. పరుగు బండ్ల కంపెనీ పిల్లల్ని బడికి దింపే బండి చేయడమా అన్నారు.

2023లో పోర్షే ప్రపంచమంతా కలిపి 3,20,221 బండ్లు అప్పగించింది. అందులో 87,553 కేయెన్, 87,355 మకాన్. ఈ రెండూ ఎస్‌యూవీలే, సగానికి మించిన అమ్మకం వీటిదే. 911లు 50,146. కంపెనీ ఇల్లు నడిపే సంపాదన ఇప్పుడు పెద్ద బండ్లది. ఇంటి పేరు మాత్రం ఇంకా చిన్న బండిదే. ఇటలీవారి లంబోర్గినిలోనూ అంతే. అదే ఏడాది అమ్మిన 10,112 బండ్లలో 6,087 ఊరస్ అనే ఎస్‌యూవీలు. ఫెరారీ కూడా 2022లో నాలుగు తలుపుల పురోసాంగ్వే తెచ్చింది.

ఇలాంటి చోట అభిమానులు వట్టి సణుగుడుకే పనికొస్తారనుకుంటే పొరపాటు. 2013లో 911లో రేసు రకమైన జీటీ3ని క్లచ్ తొక్కి గేరు మార్చే ఏర్పాటు తీసేసి, తనంతట తానే మారే గేరుతో మాత్రమే తెచ్చారు. వేగంలో అదే మేలు, లెక్కలు కూడా అదే చెప్పాయి. కొనేవాళ్ళు ఒప్పుకోలేదు. కాలూ చెయ్యీ కలిపి నడిపే ఆనందం మాకు కావాలన్నారు. 2016లో చేతి గేరుతో 991 బండ్లు మాత్రమే చేశారు. 2017లో జీటీ3కే చేతి గేరు తిరిగి వచ్చింది. అమెరికాలో ఇంతకంటే పెద్ద పంతం జరిగింది. 1980లలో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్‌ను ఆపేసి, జపాన్ మాజ్డా మీద ఆధారపడ్డ, ముందు చక్రాలతో లాగే బండికి ఆ పేరు పెట్టాలనుకుంది. జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఆ కొత్త బండి ప్రోబ్ అనే వేరే పేరుతో వచ్చింది, మస్టాంగ్ బతికింది.

ఇక్కడో తమాషా ఉంది. సంప్రదాయం పేరుతో అంతమంది కాపాడిన ఆ మస్టాంగ్ అసలు పుట్టిందే అందరి కోసం. 1964 ఏప్రిల్‌లో 2,368 డాలర్ల ధరకు వచ్చింది. అడుగున ఉన్నది ఫాల్కన్ అనే మామూలు కుటుంబం కారు. గుమాస్తా కొన్నాడు, పంతులమ్మ కొన్నది, రెండేళ్ళలో పది లక్షలు దాటింది. నిన్నటి చవక బండి ఇవాళ్టి సంప్రదాయం అయి కూర్చుంది.

ఇప్పుడు కోయంబత్తూరు వద్దాం.

మన దగ్గర మోటారు రేసులు చాలాకాలం గొప్పవాళ్ళ వేడుక. మద్రాసు దగ్గర షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధంనాటి విమానాల రన్‌వే మీద రేసులు జరిగేవి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో ఏర్పడింది. విదేశాల నుంచి రేసు కారు దింపుకోగల సంస్థానాధీశుడో, పెద్ద వ్యాపారస్తుడో ముందుండేవాడు. 1980ల మొదట్లో విజయ్ మాల్యా అక్కడ నడిపింది ఎన్‌సైన్ అనే ఫార్ములా వన్ కారే. అలాంటి చోట గెలిచింది నడిపినవాడా, డబ్బా అని తేల్చడం కష్టం. చూసేవాళ్ళు వేలమంది, నడపగలిగినవాళ్ళు పదిమంది.

ఎస్. కరివర్ధన్ 1954లో పుట్టారు. కోయంబత్తూరు లక్ష్మి మిల్లుల కుటుంబం. కోవిల్‌పట్టివాళ్ళకు ఆ పేరు చెప్పనక్కర్లేదు, లక్ష్మి మిల్లు వాళ్ళ ఊళ్ళోనే ఉంది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు గారు మొదలుపెట్టిన సంస్థ అది. కరివర్ధన్‌కు డబ్బుకు లోటు లేదు. విదేశీ కార్లతో రేసులాడుతూ హాయిగా ఉండిపోవచ్చు. ఆయనే రేసు నడిపేవాడు, ఆయనే బండి కట్టేవాడు. 1980ల చివర ఆయన చేసిన పని చూడండి. ఒక్కడే కూర్చునే, చక్రాలు బయటికి కనిపించే, అచ్చం ఫార్ములా కారు ఆకారంలో ఉన్న బండికి గొట్టాలతో ఛాసిస్ కట్టి, ఫైబర్ గ్లాస్ తొడిగి, వెనకాల మారుతి 800 ఇంజను పెట్టాడు. దానికి ఫార్ములా మారుతి అని పేరు.

మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. 796 సీసీ, మూడు సిలిండర్లు, సుమారు 40 గుర్రాల శక్తి. కూరగాయలు తెచ్చుకునే కారు ఇంజను అది. దానికి ఫార్ములా అన్న పేరేమిటని శుద్ధ సంప్రదాయవాది ముఖం చిట్లిస్తాడు. చిట్లించనీండి. ఆ ఇంజను పాడైతే విరుదునగర్ మెకానిక్ షెడ్‌లో కూడా బాగవుతుంది. విడిభాగం కోసం లండన్‌కు ఉత్తరం రాయక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, అందరి చేతిలో ఉన్నదీ ఒకే రకం బండి. శక్తి తక్కువైన బండిలో వేగం ఒకసారి పోగొట్టుకుంటే మళ్ళీ రాబట్టుకోవడం కష్టం. కాబట్టి మలుపులో ఎక్కడ బ్రేకు వేయాలి, ఏ గీత పట్టుకుని పోవాలి, ముందున్నవాడి వెనక గాలి చాటున ఎలా దూరాలి అన్న తెలివే గెలిపిస్తుంది. ధర తగ్గింది, విద్య తగ్గలేదు.

ఫలితం ఏమైందో అందరూ చూశారు. ఇప్పటిదాకా ఫార్ములా వన్ రేసులో దిగిన భారతీయులు ఇద్దరే. కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టు తరఫున, మద్రాసు కరుణ్ చాంధోక్ 2010లో హెచ్ఆర్‌టీ తరఫున. ఒక్కచోట మాత్రం ఇద్దరూ కలుస్తారు. నారాయణ్ మొదట రేసులాడింది ఫార్ములా మారుతిలో, కరుణ్ 2000లో జాతీయ విజేత అయింది ఫార్ములా మారుతిలో. సంస్థానాల కాలంలో దిగుమతైన విదేశీ బండ్లు ఏవీ ఆ పని చేయలేకపోయాయి. కరివర్ధన్ మాత్రం ఆ రోజు చూడలేదు. 1995 ఆగస్టులో విమాన ప్రమాదంలో పోయారు. అప్పటికి ఆయన వయసు 41. చెట్టిపాళయం దగ్గర 2003లో కట్టిన రేసు బాట కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది, 2.1 కిలోమీటర్ల బాట. ఎల్‌జీబీ పేరుతో నడిచే ఫార్ములా రేసుల్లో ఇప్పటికీ మామూలు కార్ల ఇంజన్లే వాడతారు. ఆ దారి వేసింది ఆయనే.

ఈ ఆలోచన కోయంబత్తూరు మట్టిలో అంతకుముందే ఉంది. జి.డి. నాయుడు గారు కలంగల్ పల్లెలో 1893లో పుట్టిన తెలుగు రైతు బిడ్డ. ఒక దొర మోటారు సైకిల్ చూసి మనసు పడి, హోటల్లో పని చేసి డబ్బు కూడబెట్టి కొని, ముందు దాన్ని విప్పి చూశారు. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సు వేశారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేశారు, ధర 2,000 రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. అక్కడితో ఆ బండి ఆగిపోయింది. మారుతి రావడానికి ఇంకో 31 ఏళ్ళు పట్టింది. అవినాశి రోడ్డులో వాళ్ళ సంస్థ నడిపే జీడీ కార్ మ్యూజియం 2015 నుంచి ఉంది. పిల్లలతో కోయంబత్తూరు పోతే చూసి రండి.

కాబట్టి కొత్త బండి వచ్చిన ప్రతిసారీ సంప్రదాయమా, జనమా అని పోట్లాడుకునేవాళ్ళను నేనొకటే అడుగుతాను. నలుగురికీ అందేలా చేసేటప్పుడు దేన్ని కోశారు? ధరను కోసి పనితనం ఉంచితే అది మస్టాంగ్, ఫార్ములా మారుతి. పనితనం కోసి పేరు మాత్రం అంటించి ధర ఉంచితే అది వేరే సరుకు, దాన్ని చూసి అభిమాని మండిపడటం న్యాయమే. కేయెన్ లాంటిది ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. దాని లాభం 911ను బతికిస్తున్నంతకాలం సరే. 911ను కూడా కేయెన్‌లా నడిచేలా చేస్తే మాత్రం ఆ లాభం ఎందుకోసం?

ఇది మన ఇళ్ళకూ సంబంధించిన సంగతే. వేగం మీద మోజు ఉన్న కుర్రవాడికి అందుబాటులో రేసు బాట లేకపోతే వాడికి మిగిలేది సాత్తూరు పక్క నాలుగు వరుసల రహదారి. అక్కడ మలుపు తర్వాత ఆవు ఉంటుంది, పత్తి లారీ ఉంటుంది. బాట మీద ఎదురు వచ్చే బండి ఉండదు, హెల్మెట్ లేకుండా దిగనివ్వరు, పోటీకి దిగాలంటే ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్సు కావాలి. చవక రేసు బండి వల్ల దక్కేది ఒక్క పతకాలే కాదు.

మన కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఇంకో దారి కూడా ఉంది. ఫార్ములా భారత్ అనే పోటీ కరి స్పీడ్‌వేలోనే జరుగుతుంది. కాలేజీ విద్యార్థులు జట్టుగా ఏర్పడి, ఒక్కరు కూర్చునే రేసు కారును తామే గీసి, తామే కట్టి తెచ్చి నడపాలి. పెట్రోలు బండ్లకు ఒక విభాగం, కరెంటు బండ్లకు ఒక విభాగం. ఎంత వేగంగా పోయిందన్నదానికే మార్కులు కాదు. ఫలానా భాగం ఎందుకు ఇలా చేశారో న్యాయనిర్ణేతలకు చెప్పాలి, ఎంత ఖర్చయిందో లెక్క చూపాలి, ఈ బండిని పదిమందికి ఎలా అమ్ముతారో కూడా వివరించాలి.