ఒక్కపొద్దునాటి తలనొప్పి

మహాశివరాత్రినాడు ఝరాసంగమునకు వచ్చెడి జనప్రవాహము ఒక్క జహీరాబాదు ప్రాంతమునకే చెందినది కాదు. బీదరు వైపునుండియు, మహారాష్ట్రపు సరిహద్దు పల్లెలనుండియు, కన్నడమును మరాఠీని తెలుగుతో కలిపి మాటలాడుకొనుచు తరలివచ్చిన కుటుంబములు అమృతగుండమున స్నానమాడి, ఇతర శివాలయములందు పూజకు నోచుకొనని మొగలిపువ్వును ఇచ్చటి కేతకీ సంగమేశ్వరునకు సమర్పించి, ఆ రాత్రి జాగారమునకై ఆలయ పరిసరములందే చోటు చూచుకొందురు. పగలంతయు ఒక్కపొద్దు, రాత్రియంతయు జాగరణము. శరీరమును కష్టపెట్టుకొనుటయందు గూడ ఒక ఆనందము కలదని ఎరిగిన జనమిది. కాని లింగోద్భవ కాలము సమీపించుచుండగా నొసటికి కొంగు బిగించుకొని, కణతలు ఒత్తుకొనుచు, కన్నులు మూసికొని గోడలకు జేరగిలబడువారును ఆ జనమున కొందరుందురు. కారణమడిగినచో ఎండ యందురు, ఆకలి యందురు, పైత్యము ప్రకోపించినదందురు, దిష్టి తగిలినదనియు అందురు. ఏ అవ్వయో మాత్రము, "చాయ్ చుక్క పడక తలకాయ పలిగిపోతున్నది బిడ్డా" అని ఉన్నమాట చెప్పును. శాస్త్రము చెప్పునదియు చాలవరకు అదియే.

ఈ నొప్పి వచ్చెడి వేళను గమనించినచో విషయము బోధపడును. నిత్యము చాయ్, కాఫీలకు అలవాటుపడినవారు వానిని హఠాత్తుగా మానివేసినప్పుడు, కడపటి గుక్క త్రాగిన 12 మొదలు 24 గంటలలోపల తలనొప్పి ఆరంభమగుననియు, 20 మొదలు 51 గంటల నడుమ అది పరాకాష్ఠ నందుకొనుననియు, రెండు మొదలు తొమ్మిది దినములవరకు శేషించుననియు, అంతవరకు జరిగిన ప్రయోగములనన్నిటిని పరిశీలించి జూలియానో, గ్రిఫిత్స్ అను పరిశోధకులు 2004లో నిర్ణయించిరి. శివరాత్రికి ముందునాటి సాయంకాలము ఆరుగంటలకు చివరి చాయ్ త్రాగి, తెల్లవారి తలస్నానముతో వ్రతము పట్టిన గృహిణికి లింగోద్భవ కాలమగు అర్ధరాత్రి సరిగా ముప్పదవ గంట. అనగా భక్తుడు మనస్సును నిశ్చలముగా నిలుపవలసిన ఘడియయు, తల మిక్కిలిగా పోటెత్తెడి ఘడియయు ఒక్కటే అగుచున్నవి. ఉపవాసమందు ఇంతకంటె విచారింపదగిన సంగతి నాకు వేరొకటి కనిపింపదు.

మెదడు పనిచేయుచున్నంతసేపు అందులో అడినొసిన్ అను పదార్థము పోగగుచుండును. అది తనకై ఏర్పడిన గ్రాహకములపై కుదురుకొన్నప్పుడు నాడుల వేగము తగ్గును, నిద్ర ముంచుకొనివచ్చును, మెదడులోని రక్తనాళములు వెడల్పగును. చాయ్‌లోని కెఫీన్ రూపమున అడినొసిన్‌ను పోలియుండుటచేత ఆ స్థానములను ముందుగా ఆక్రమించును గాని, అడినొసిన్ చేయు పనిని మాత్రము చేయదు. జహీరాబాదు బస్టాండులో కిటికీగుండ తువ్వాలు వేసి సీటు పట్టిన రీతిగా, మనిషి కూర్చుండడు, మరియొకనిని కూర్చుండనీయడు. ఏండ్లతరబడి ఇట్లు జరుగగా మెదడు అదనపు గ్రాహకములను ఏర్పరచుకొని సరిదిద్దుకొనును. ఒక్కదినము కెఫీన్ రాకపోవుటతోడనే ఆ గ్రాహకములన్నియు అడినొసిన్ వశమై, నాళములు సడలి, రక్తప్రసారము హెచ్చి, తల దిమ్మెక్కి, ఒక్కొక్క అంగకు పోటు పుట్టును. దానివెంటనే బడలిక, చిరాకు, మనస్సు ఒకచోట నిలువకుండుట, కొందరికి వికారము కూడ కలుగును. మరల చాయ్ పడెనా, గంటలోపల అంతయు శాంతించును. ఆ శాంతియే చాయ్‌లో ఔషధగుణమున్నదన్న భ్రమను కలిగించుచున్నది గాని, అది మాన్పినది చాలవరకు తాను తెచ్చిన నొప్పినే.

ఇది దుర్బలుల ఊహ యనువారికి ప్రయోగములే సమాధానము. డ్రైస్‌బాక్, ఫైఫర్ అను శాస్త్రజ్ఞులు 1943లోనే కొందరికి కెఫీన్‌ను దినదినమును ఇచ్చి, పిమ్మట దాని స్థానమున నిరపాయకరమగు చక్కెరపొడిని ఇచ్చి తలనొప్పిని పుట్టించి చూపిరి. 1992లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, దినమునకు సగటున 235 మిల్లీగ్రాముల కెఫీన్ మాత్రమే పుచ్చుకొను 62 మందిని పరీక్షింపగా, అది మానిన దినమున వారిలో సగముకంటె ఎక్కువమందికి ఓర్వరాని, లేక ఒకమోస్తరు, తలనొప్పి వచ్చినది. మన హైదరాబాదు తార్నాకయందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రములలో ఒక కప్పు చాయ్‌యందు 30 మొదలు 65 మిల్లీగ్రాముల వరకును, కాచిన కాఫీయందు 80 మొదలు 120 వరకును కెఫీన్ ఉండుననియు, దినమునకు 300 మిల్లీగ్రాములు మించరాదనియు చెప్పినది. దీనినిబట్టి, పొయ్యిమీద పొంగి పొంగి ఎఱ్ఱబడిన హోటలు చాయ్‌ని దినమునకు అయిదారుమారులు త్రాగువాడు ఆ ప్రయోగములోని అమెరికనులకు తీసిపోడు.

శివరాత్రి వ్రతము మన గ్రామములలో చాయ్‌కంటె ఎన్నియో శతాబ్దములు పెద్దది. కాఫీగింజలనుండి కెఫీన్‌ను రూంగె అను జర్మను రసాయనికుడు వేరుచేసినదే 1819లో. మన దేశమున తేయాకును పండించినది ముఖ్యముగా విదేశముల కొరకే. 1903లో తేయాకు సెస్సు ఏర్పడి ప్రచారము మొదలైనను, 1930 ప్రాంతములందు ప్రపంచవిపణి కుప్పకూలిన పిమ్మటనే వీధివీధిని ఉచితముగా చాయ్ పోసి జనులకు రుచి మరపిరి. అంతకు పూర్వము ఈ ఎఱ్ఱనేలలో తెల్లవారినదనగా జొన్న అంబలి. నాటి భక్తుడు ఆకలిని, నిద్రను జయించిన చాలును. నేటి భక్తుడు, వ్రతగ్రంథములు వ్రాసినవారు ఎరుగని మూడవ బాధతోడను పెనగులాడుచున్నాడు. ఆ బాధను పుణ్యముగా లెక్కించుటకు నా మనస్సొప్పదు.

ఇది శివభక్తుల సమస్య మాత్రమే కాదు. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15న రాగా, అదే వారమున రంజాన్ రోజాలును ఆరంభమైనవి; ఆలయమందు కణతలు ఒత్తుకొన్న ఊరి పొరుగుననే మసీదు మెట్లపై మరికొందరు సాయంకాలపు అస్ర్ నమాజు వేళకు తలలు పట్టుకొని కూర్చుండిరనుకొనుటకు అడ్డేమియు లేదు. తెల్లవారుజామున సహరీలో చాయ్ త్రాగినవానికి ఇఫ్తార్ నాటికి ఇంచుమించు 13 గంటలు. త్రాగనివానికి అంతకు మిక్కిలి. మొదటి మూడునాలుగు రోజాలు కఠినముగ తోచి, పిమ్మట శరీరము తేలికపడినదని పెద్దలు చెప్పుటయందు దైవబలముతోపాటు మెదడు మరల కుదుటపడుటయు కలదని నా నమ్మకము. శస్త్రచికిత్సకు ముందు కడుపు కాల్చుకొన్న రోగులకు మత్తు దిగిన తరువాత వచ్చు తలనొప్పులలోను కొన్ని ఈ జాతివే యని మత్తువైద్యులు గుర్తించియున్నారు.

అయితే నేరమంతయు చాయ్‌పై మోపుట న్యాయము కాదు. యూదుల యోమ్ కిప్పుర్ ఉపవాసమునాటి తలనొప్పిని పరిశీలించిన వైద్యులు, కాఫీతో నిమిత్తము లేకయే ఉపవాసము తలనొప్పిని తేగలదని కనుగొనిరి. దాహము, నిద్రలేమి, ఎండ, పూర్వమే పార్శ్వపునొప్పి కలవారి తత్త్వము, ఇవన్నియు దీనితో చేతులు కలుపును. కాని వీనిలో పదిదినముల ముందుగా మన చేతిలోనుండునది చాయ్ ఒక్కటియే.

ఈ మాట చెప్పునప్పుడు చెరకు కొట్టు కూలీని, ఆలుగడ్డలు తవ్వు ఆడకూలీని తలచుకొనక తప్పదు. ఆమెకు ఉదయపు చాయ్ విలాసము కాదు; పలుమారులు అదియే ఉదయాహారము. చక్కెరయు పాలును కొంత శక్తినిచ్చి, కెఫీన్ ఆకలిని కొంత వాయిదావేసి, మధ్యాహ్నమువరకు ఆమెను నిలుపుచున్నవి. అట్టి ఆమెకు చాయ్ మానుమని చెప్పి, ఆ స్థానమున ఏమియు పెట్టకుండుట క్రౌర్యము. అయినను తేయాకులోని టానిన్లు ఆహారమందలి ఇనుమును దేహమునకు సరిగా పట్టనీయవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేయందు తెలంగాణలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో 57.6 శాతము రక్తహీనులుగా తేలిరి. అందుచేతనే భోజనమునకు ఒక గంట ముందును, ఒక గంట వెనుకను చాయ్ వలదని పోషకాహార సంస్థ చెప్పుచున్నది. రొట్టెను చాయ్‌లో అద్దుకొని తిను అలవాటున్న ఇండ్లలో ఈ సంగతి పిల్లల తల్లులకు తప్పక తెలియవలెను.

తగ్గించుటకు తొందర పనికిరాదు. పండుగకు పది పండ్రెండు దినముల ముందునుండి, దినమునకు ఆరు కప్పులు త్రాగువారు రెండుమూడు దినముల కొక కప్పు చొప్పున విడువవలెను. మొదట పోవలసినది సాయంకాలపు చాయ్, ఏలనన దేహమందలి కెఫీన్ సగమగుటకు సుమారు అయిదు గంటలు పట్టును గనుక నిద్రను పాడుచేయునది అదియే. కప్పుల సంఖ్య తగ్గింపలేనివారు పొడి తగ్గించి పలుచగా కాచుకొనవచ్చును. విడిచిన ప్రతి కప్పు స్థానమున ఏదో ఒకటి చేతికందవలెను: మజ్జిగయో, అంబలియో. గ్రీన్ టీలోను, కోలా పానీయములందును కెఫీన్ ఉన్నది. అంగడిలో దొరకు కొన్ని తలనొప్పి మాత్రలలోను ఉన్నది. వానిని పదేపదే మ్రింగి చాయ్ మానితిననుకొనుట వృథా, పైగా ఖాళీకడుపున కొన్ని మాత్రలు పుండ్లు తెచ్చును. గర్భిణుల దేహము కెఫీన్‌ను మిక్కిలి నెమ్మదిగా విసర్జించును గనుక వారు మునుముందే తగ్గించుకొనుట మేలు.

ఈ సంగతి చెప్పుటకు దూరమునుండి ఎవ్వరును రానక్కరలేదు. ఝరాసంగము మండలమందలి మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న మొదలైన సంగం రేడియోను పల్లెస్త్రీలే నడిపిరి. చిరుధాన్యముల సేద్యమును గూర్చి తమ యాసలోనే తాము మాటలాడుకొనవచ్చునని చూపినవారు వారు. మాఘము మధ్యలో ఒక సాయంత్రము, "అక్కా, జాగారానికి పది దినాలున్నయి, ఇయ్యాల్టి నుంచి ఒక చాయ్ తక్కువ తాగు" అని ఊరి గొంతు చెప్పినచో అది వైద్యుని చీటీకంటె లోతుగా నాటుకొనును.

ముందుగా తగ్గించుకొనక వ్రతమునకు కూర్చుండి, అర్ధరాత్రివేళ తల పట్టుకొన్నవారు వ్రతనియమము అనుమతించినచో నీరు త్రాగి, వెలుతురునకు దూరముగ కొంతసేపు పవళింపవలెను. అరకప్పు చాయ్ పుచ్చుకొనిన చాలవరకు గంటలో తగ్గును. అది వ్రతభంగమగునా కాదా యనుట ఇంటిపెద్దలును, అర్చకులును తేల్చుకొనవలసిన విషయము. కాని పిడుగుపాటువలె ఒక్కసారిగా వచ్చిన నొప్పియు, జ్వరముతో మెడ బిగిసిన నొప్పియు, మాట తడబడి చేయి గాని కాలు గాని పట్టు తప్పిన నొప్పియు చాయ్ నొప్పులు కావు. అట్టివారిని ఆ రాత్రియే, తెల్లవారువరకు ఆగక, ఆసుపత్రికి తీసికొనిపోవలెను.