పాటీ అలవాటుకు బహుమానం ఎప్పుడివ్వాలి?

బిడ్డకు రెండేళ్లు దాటినా లాగులోనే పోస్తున్నాడని, పాటీ మీద కూర్చోమంటే పారిపోతున్నాడని చాలామంది తల్లులు విసుక్కుంటారు. కోయంబత్తూరైనా మదురై అయినా మన ఇళ్లలో పెద్దల సలహా ఒకటే: రెండు తగిలించు! దయచేసి ఆ పని చేయకండి. కోపం, భయం, దుఃఖం బిడ్డ మిజాజ్‌ను చెడగొట్టకుండా చూడాలని ఇబ్నె సీనా 11వ శతాబ్దంలోనే 'అల్ ఖానూన్'లో రాశారు.

దెబ్బకన్నా చిన్న బహుమానం మేలు. గోడమీది కాగితంపై రంగు చుక్క పెట్టండి, లేదా గింజ తీసి సన్నగా తరిగిన ఖర్జూరం కాస్త ఇవ్వండి. రోజూ చాక్లెట్ వద్దు, పళ్లు పాడవుతాయి. ఏదిచ్చినా అక్కడికక్కడే ఇవ్వాలి. సాయంత్రం నాన్న వచ్చాక ఇస్తే ఎందుకిచ్చారో బిడ్డకు అర్థం కాదు. మొదట్లో ఊరికే కూర్చున్నా ఇవ్వండి. తర్వాత లాగు తడిపినా, ఇచ్చింది లాక్కోవద్దు.

కొందరు పిల్లలు ఎంత ఆశపెట్టినా కూర్చోరు. అది మొండితనం కాకపోవచ్చు, ఖబ్జ్ ఉందేమో చూడండి. ఒకసారి నొప్పి పుడితే బిడ్డ బిగబట్టుకుంటాడు, బిగబట్టేకొద్దీ మలం ఇంకా గట్టిపడుతుంది. అప్పుడు బహుమానం సంగతి పక్కన పెట్టి నీళ్లు, పండ్లు పెంచండి, పాలు మరీ ఎక్కువైతే తగ్గించండి. రాత్రి నానబెట్టిన మునక్కా గింజలు తీసి, మెత్తగా నలిపి పెట్టవచ్చు. విరేచనాల మందు మాత్రం సొంతంగా పోయకండి. రక్తం పడినా, పొట్ట ఉబ్బి వాంతులైనా వెంటనే డాక్టరుకు చూపించండి.

నొప్పి తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి. పాదాలు నేలకు ఆనేంత పొట్టి పాటీ అయితే భయపడడు. చేతికి చిన్న లోటా ఇచ్చి చూడండి, చాలామంది పిల్లలకు అదే పెద్ద బహుమానం.