కాలికి కట్టు లేదు... నీటిపై పట్టు వుండాలి
గాలిపటం ఆటకు 'వేక్‌స్కేట్' పలక ఎంపిక

రామేశ్వరం యాత్రకు వెళ్లినవారు స్వామి దర్శనం చేసుకుని, గాలి బాగా వీచే వేళ దీవి తీరాల వెంట నాలుగడుగులు వేస్తే ఒక వింత కంటబడవచ్చు. ఆకాశంలో మంచమంత పెద్ద గాలిపటాలు, వాటి కింద నీటి మీద నిలబడి దూసుకుపోయే మనుషులు! ఇంజను లేదు, పడవ లేదు. నడుముకు బిగించిన పట్టాకు గాలిపటం తాళ్లు తగిలించుకుని, కాళ్ల కింద ఒక పలక వుంచుకుని, గాలి లాగే బలంతో సాగిపోవడమే ఆట. దీన్ని కైట్‌బోర్డింగ్ అంటారు. ఎండాకాలంలో నైరుతి గాలి, చలికాలంలో ఈశాన్య గాలి వీచే ఆ దీవి మన దేశంలో ఈ ఆటకు పేరుపడిన చోటు.

గాలి నింపితే నీటిలో పడినా మళ్లీ పైకి లేచే గాలిపటానికి ఫ్రాన్సు దేశపు లెగేనూ సోదరులు 1984లో పేటెంటు కోరారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆటలో ఒక రకానికి మార్సే తీరంలో పతకాలు కూడా ఇచ్చారు.

మామూలుగా వాడే పలకకు పాదాలు దూర్చే పట్టీలు వుంటాయి. పలక మనిషిని వదలదు. 'వేక్‌స్కేట్' పలకకు ఆ పట్టీలే వుండవు. మోటారు పడవ వెనుక తాడు పట్టుకుని నీటిపై జారే ఆటలోకి, వీధుల్లో కుర్రాళ్లు తొక్కే చక్రాల పలక పద్ధతి తెచ్చి చేర్చగా పుట్టిందిది. పలకను కాలితో తిప్పి, గాలిలో మళ్లీ దాని మీదకే దిగే విన్యాసాలకు అందులో వీలున్నది. తెప్ప మీద కట్టూ బంధం లేకుండా నిలబడి అలను దాటే మన తీరం వారికి ఈ నిలకడ గురించి వేరే చెప్పనక్కరలేదు.

చిక్కంతా ఎంపికలోనే. పడవ మనిషిని తిన్నగా ముందుకు లాగుతుంది. గాలిపటం అలా కాదు. పక్కకు లాగుతుంది, పైకి కూడా ఎత్తుతుంది. పట్టీలు లేవు గనుక పలక అంచును నీటిలో నొక్కిపెట్టి ఆ లాగుడును తట్టుకోవాలి. పడవ ఆటకని చేసిన పొట్టి, సన్నటి పలక చూడ ముచ్చటగా వుంటుంది గాని గాలిపటం కింద అది పక్కకు జారిపోతుంది. బయలుదేరిన చోటికి తిరిగి రాలేక, తడిసిన గాలిపటం భుజాన వేసుకుని ఒడ్డు వెంట మైలు దూరం నడిచి వచ్చేది ఇలాంటి కొనుగోలు చేసినవారే.

కాబట్టి పొడవు మరీ తగ్గకూడదు. సుమారు 105 నుంచి 115 సెంటీమీటర్ల లోపు పలకల్లో పెద్ద వైపుకే మొగ్గు చూపడం మేలు, బరువైన మనిషికి మరీను. వెడల్పు 40 సెంటీమీటర్లకు తగ్గకుంటే మెల్లని గాలిలోనూ నీటిపైకి తేలుతుంది. కొసల వంపు ఎక్కువైతే గెంతి దిగినప్పుడు మెత్తగా వుంటుంది గాని వేగం తగ్గుతుంది, గాలికి ఎదురు పోవడం కష్టం. వంపు తక్కువే మంచిది. అడుగున వుండే రెక్కలు, అంటే ఫిన్లు, నాలుగు వుండి కాస్త లోతుగా వుంటే పక్కకు జారనివ్వవు.

కర్రా, ఫైబరా? కర్ర పొరలు అతికించిన పలక చవక. కాలి కింద బిగువుగా వుంటుంది. అయితే స్క్రూ రంధ్రాల నుంచి, పగిలిన అంచుల నుంచి ఉప్పునీరు దూరిందంటే పొరలు వుబ్బి విడిపోతాయి. ఫైబరు పలక తేలిక, మన్నిక ఎక్కువ, ధరా ఎక్కువే. మన రేవుల్లో కర్ర తెప్పల స్థానంలోకి ఫైబరు పడవలు వచ్చిన కథే ఇక్కడా కొంత నడిచింది.

పైభాగం గరుకు కాగితంలా వుంటే బూట్లు తప్పనిసరి, లేకుంటే అరికాళ్లు దోక్కుపోతాయి. మెత్తటి రబ్బరు వంటి నురగ పరిచినదైతే వట్టి కాళ్లతో చాలు. కాని అడుగున చిప్పలు, రాళ్లు వున్న చోట ఎలాగూ బూట్లు వేసుకోవలసిందే.

తాడు కట్టవద్దు

పలక మాటిమాటికీ జారిపోతోందని దాన్ని తాడుతో ఒంటికి కట్టుకునేవారున్నారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే పని. గాలిపటం మనిషిని లాక్కుపోతుంటే వెనుక నీటిలో చిక్కిన పలక తాడును సాగదీసి, ఒక్కసారిగా ఎగిరి తలకు తగులుతుంది. దెబ్బలు తగిలాకే చాలామంది ఈ తాళ్లను విసర్జించారు. పలక లేకుండానే, గాలిపటం సాయంతో ఒంటితో నీటిలో ఏటవాలుగా సాగి దాన్ని అందుకునే విద్య ముందు నేర్వాలి. అది రానివారు, పట్టీల పలక మీద ఇంకా గాలికి ఎదురు పోలేనివారు వేక్‌స్కేట్ జోలికి పోకుండా వుండడమే డబ్బుకూ, ఒంటికీ మంచిది. శిరస్త్రాణం ఎవరికైనా వుండాలి.

పాత పలక బేరమాడేవారు పైరంగు చూసి మురిసిపోకుండా, దాన్ని తిరగేసి ఫిన్ల స్క్రూలు బిగిసి వున్నవీ లేనిదీ చూడాలి. అంచులు వేలితో తడిమి ఎక్కడైనా వుబ్బు తగిలితే, అది సగం ధరకు వచ్చినా వదిలేయాలి.